నల్లబెల్టు వెనుక సనదు

ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో ‘సనద్’ అన్న మాట రెండు సందర్భాలలో వినిపిస్తుంది. పరీక్షలో ఉత్తీర్ణుడైన పిల్లవాడు ఇంటికి తెచ్చే యోగ్యతాపత్రాన్ని సనదు అంటాము. ఒక హదీసు ఎవరి నోటినుండి ఎవరి చెవికి చేరుతూ వచ్చిందో తెలిపే మనుషుల పరంపరనూ సనదు అనే అంటాము. మొదటిది కాగితం. రెండవది ఆ కాగితం వెనుక నిలబడవలసిన మనుషులు. పిల్లలను కరాటేకో, తైక్వాండోకో పంపదలచిన తల్లిదండ్రులు చాలామంది గోడమీద అద్దం బిగించి వేలాడదీసిన మొదటి సనదును చూసి తృప్తిపడుతున్నారు. రెండవదానిని అడగటం లేదు. మేమిక్కడ మాట్లాడదలచినది ఆ రెండవదాని గురించి.

వేసవి సెలవులు దగ్గరపడేసరికి మన పట్టణాలలో ఏ బస్తీకి వెళ్లినా శిక్షణ శిబిరాల కరపత్రాలు కనిపిస్తాయి. ‘గ్రాండ్ మాస్టర్’, ‘ఎనిమిదో డాన్’, ‘అంతర్జాతీయ విజేత’, ‘ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ’ వంటి మాటలు పెద్ద అక్షరాలలో ఉంటాయి. ఆ ప్రకటనలు చేసేవారందరూ మోసగాళ్లని మేము అనటం లేదు. చిన్న జీతాలకు పనిచేస్తూ, సాయంత్రాలు పాఠశాల ఆవరణలలో పిల్లలకు నిజాయితీగా నేర్పే గురువులు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. అయితే నిజమైనవాడికీ కల్పితుడికీ కరపత్రం ఒకే తీరున ఉంటుంది. తేడా కనిపెట్టవలసిన భారం తల్లిదండ్రులమీదనే పడుతుంది.

ఆ భారం చిన్నది కాదు. ఇందులో పోయేది ఫీజు సొమ్ము మాత్రమే అయితే అంతగా చెప్పుకోనక్కరలేదు. ఎదుగుతున్న మోకాలిని, నడుమును ఎంత వంచవచ్చునో తెలియని మనిషి చేతిలో పిల్లవాడి శరీరాన్ని పెడుతున్నాము. కళాశాలకు ఒంటరిగా వెళ్లిరావలసిన కూతురికి ఆత్మరక్షణ వస్తుందని నమ్మి పంపుతున్నాము. ఏమీ రానివాడు నేర్పిన నాలుగు విన్యాసాలతో ఆ అమ్మాయికి కలిగేది రక్షణ కాదు, రక్షణ ఉన్నదన్న భ్రమ. తప్పించుకొని పరుగెత్తవలసిన చోట ఆమె నిలబడి పోరాడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ విద్యలో గురువు శిష్యుల శరీరాన్ని తాకి సరిదిద్దుతాడు, వారినుండి విధేయతను కోరుతాడు. అంత అధికారాన్ని ఎవరికి ఇస్తున్నామో తెలుసుకోవటం తల్లిదండ్రుల విధి.

అసలు ఈ బెల్టుల పద్ధతి ఎక్కడినుండి వచ్చిందో తెలిస్తే సగం మాయ విడిపోతుంది. చాలామంది అనుకొనేట్లు అది వేల సంవత్సరాల రహస్య సంప్రదాయం కాదు. 1882లో టోక్యోలో కోడోకాన్ అనే జూడో శిక్షణాలయాన్ని స్థాపించిన కానో జిగోరో వృత్తిరీత్యా విద్యావేత్త. జపానులో ‘గో’ అనే పలక ఆటలో క్రీడాకారుల స్థాయిని సూచించటానికి వాడే ‘డాన్’ అన్న పద్ధతిని ఆయన జూడోకు అన్వయించాడు. 1883లో తన ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ ఇచ్చాడు. నల్లపట్టీ ఆ తరువాత వచ్చింది. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు జూడో ఐరోపాకు చేరిన తరువాత వాడుకలోకి వచ్చినవి. ఒకినావా ద్వీపంలో బడిపంతులుగా పనిచేసిన ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోకు వచ్చి కరాటే నేర్పసాగాడు. 1924లో తన శిష్యులకు కరాటేలో తొలి డాన్‌లు ప్రదానం చేశాడు. అలా ఇచ్చేనాటికి ఆయనకు కరాటేలో ఏ డానూ లేదు. ఇచ్చేవారే లేరు మరి! ఆయన ప్రామాణ్యమంతా తన గురువులైన ఇతోసు, అజాతోల దగ్గర సంవత్సరాల తరబడి చేసిన అభ్యాసంలో ఉన్నది.

ఈ చరిత్రనుండి మనకు ఒక సంగతి బోధపడుతుంది. డాన్ అన్నది ఒక గురువుగానీ, ఒక సంస్థగానీ తన శిష్యుడి గురించి చెప్పే మాట. చెప్పినవారికి ఎంత విలువో ఆ మాటకూ అంతే విలువ. ‘బ్లాక్ బెల్ట్’ అన్న పేరును ఎవరు వాడుకోవాలి, ఎవరు వాడుకోకూడదు అని నిర్ణయించే చట్టం మన దేశంలో లేదు. నల్లపట్టీ క్రీడాసామగ్రి దుకాణంలో దొరుకుతుంది. యోగ్యతాపత్రం ముద్రణాలయంలో దొరుకుతుంది. కనుక ‘మీరు ఎన్నో డాన్?’ అన్న ప్రశ్న కన్నా ‘ఆ డాన్ ఎవరిచ్చారు?’ అన్నది ముందు రావాలి.

దీనికి జవాబు విద్యను బట్టి మారుతుంది. తైక్వాండోలో పని కొంత సులువు. సియోల్ నగరంలో 1972లో నెలకొన్న కుక్కివోన్ అనే కేంద్రం ప్రపంచవ్యాప్తంగా డాన్ పత్రాలు జారీచేస్తుంది. ఒలింపిక్ పోటీలు నడిపే ప్రపంచ తైక్వాండో సమాఖ్య ఈ పత్రాలనే ప్రమాణంగా తీసుకుంటుంది. ప్రతి పత్రానికి ఒక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య కుక్కివోన్ నమోదులో ఉన్నదో లేదో ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. అంతకన్నా పనికివచ్చేది అక్కడి కాలనియమం. మొదటి డాన్ వచ్చిన తరువాత రెండవదానికి కనీసం ఒక సంవత్సరం ఆగాలి. రెండునుండి మూడుకు 2, మూడునుండి నాలుగుకు 3, ఆపైన వరుసగా 4, 5, 6 సంవత్సరాలు. ఏడునుండి ఎనిమిదికి 8, ఎనిమిదినుండి తొమ్మిదికి 9. కూడి చూడండి. మొదటి డాన్‌నుండి ఏడవ డాన్ చేరటానికి 21 సంవత్సరాలు, తొమ్మిదవది చేరటానికి 38 సంవత్సరాలు కనీసం పడుతుంది. ముప్పై ఏళ్లు నిండని వ్యక్తి తైక్వాండోలో ఎనిమిదో డాన్ అని కరపత్రం చెబితే కాగితం, కలం చాలు, ఇంకెవరినీ అడగనక్కరలేదు. పిల్లల విషయంలోనూ ఒక గుర్తు ఉన్నది. పదిహేనేళ్ల లోపువారికి కుక్కివోన్ ఇచ్చేది ‘డాన్’ కాదు, ‘పూమ్’. తమ్ముడు తొమ్మిదేళ్లకే ‘ఫస్ట్ డాన్’ అయ్యాడని ఎవరైనా చెబితే ఆ పత్రం ఎక్కడినుండి వచ్చిందో ఒకసారి చూడవలసిందే. ఈ విద్యలోనే కుక్కివోన్‌తో సంబంధం లేకుండా 1966లో మొదలైన మరో అంతర్జాతీయ సమాఖ్య పరంపర ఉన్నది. అది కూడా పలు శాఖలుగా చీలినది. ఆ దారిలో నేర్చుకున్నవారు నకిలీలు కారు. కాని తామేదారివారో స్పష్టంగా చెప్పగలగాలి.

కరాటే దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి చిక్కుగా ఉంటుంది. షోటోకాన్, గోజూ ర్యూ, షిటో ర్యూ, వాడో ర్యూ అంటూ పలు శాఖలు, ఒక్కొక్క శాఖలో పలు సంస్థలు. అన్నిటికీ పైన డాన్ ఇచ్చే ఒక్క కార్యాలయం అంటూ లేదు. మన దేశంలో కరాటే, తైక్వాండోల జాతీయ సంఘాల మధ్య ‘మేము అసలు, మీరు నకిలీ’ అన్న తగాదాలు న్యాయస్థానాల దాకా వెళ్లినవి. అందువల్ల ఒక సంఘం పేరు వినగానే నమ్మటమూ, కొట్టివేయటమూ రెండూ తొందరపాటే. ఇక్కడ మనిషిని పట్టుకోవాలి. ‘మీ శాఖ ఏది? మీకు నేర్పిన గురువు ఎవరు? ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు? ఆయనకు నేర్పినవారెవరు?’ కరాటేలో నిజంగా పెరిగినవాడు ఈ ప్రశ్నలకు తడుముకోడు. పైగా సంతోషిస్తాడు. గురువు పేరు చెప్పేటప్పుడు అతని గొంతులో వచ్చే మార్పును మీరే గమనిస్తారు.

కుస్తీ, బాక్సింగ్, జూడో వంటి క్రీడలలో శిక్షకులకు పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థ ఇచ్చే డిప్లొమా గౌరవప్రదమైన అర్హత. 1961లో ఏర్పడిన ఈ సంస్థను మనవాళ్లు ‘ఎన్ఐఎస్’ అంటారు. అయితే ఇక్కడా ఒక మెలిక ఉన్నది. సుమారు ఏడాదిపాటు సాగే డిప్లొమా వేరు, ఆరువారాల సర్టిఫికెట్ కోర్సు వేరు. రెండూ నిజమైనవే. కరపత్రంలో మాత్రం రెండూ ‘ఎన్ఐఎస్ కోచ్’ అన్న ఒకే మాటగా మారిపోతాయి. ఏది చేశారో అడిగితే తప్పు లేదు.

బాక్సింగులో బెల్టుల మెట్లు లేవు. అక్కడ గురువు యోగ్యత రింగులో శిష్యుడి రూపంలో కనిపిస్తుంది. నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేతగా నిలిచింది. హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్యాలు తెచ్చాడు. ఇద్దరిదీ నిజామాబాదే. ఒక జిల్లా పట్టణంనుండి ఇద్దరు అంతటివారు వచ్చారంటే అక్కడ ఎవరో తెల్లవారుజామున లేచి సక్రమంగా నేర్పారన్నమాట. దానికి కరపత్రం అక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీ తాలీంఖానాలలోనూ ఇదే రీతి. పహిల్వాను ఏ ఉస్తాదు మట్టిలో పెరిగాడో పక్క తాలీంలో అడిగితే చెబుతారు. కేరళ కళరిపయట్టుకుగానీ, మన కర్రసాముకుగానీ సంప్రదాయంలో డాన్ లేదు. ‘కళరిపయట్టులో ఏడో డాన్’ అని ఎవరైనా రాసుకుంటే ఆ విద్య గురించి అతనికి ఎంత తెలుసో ఆ వాక్యమే చెబుతున్నది.

ఇక ‘ప్రభుత్వ గుర్తింపు’ అన్న మాట. ఉభయ తెలుగు రాష్ట్రాలలో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి ఒక సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. దాని పేరులో ‘వరల్డ్’ అని ఉన్నా అది ఒక వీధికి పరిమితమైన సంఘమే కావచ్చు. రిజిస్ట్రారు ఇచ్చే పత్రం ‘ఇటువంటి సంఘం ఒకటి ఉన్నది’ అని మాత్రమే చెబుతుంది. దాని అధ్యక్షుడికి తన్నటం, కాచుకోవటం వచ్చునని చెప్పదు. ‘ఐఎస్ఓ గుర్తింపు’ కూడా అంతే. ఐఎస్ఓ ప్రమాణాలు రాసే సంస్థ, అది తానుగా ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు. ఇతర సంస్థలు ఇచ్చే ఆ పత్రం కార్యాలయ నిర్వహణ పద్ధతికి సంబంధించినది, విద్యకు సంబంధించినది కాదు. పేరుకు ముందు ‘డాక్టర్’ ఉంటే ఏ విశ్వవిద్యాలయం ఇచ్చినదో అడగాలి. పట్టాలిచ్చే అధికారం లేని నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ ప్రకటిస్తూ ఉంటుంది, అందులో పేరు ఉన్నదేమో చూసుకోవచ్చు. బిరుదుల సంగతి మరీ విచిత్రం. ‘సోకే’ అన్నది జపానులో తరతరాలుగా వచ్చిన ఒక విద్యాకుటుంబానికి అధిపతిని సూచించే మాట. నిన్న మొన్న తానే ఒక ‘శైలి’ని కనిపెట్టి, దానికి తానే సోకేనని, తానే పదో డాన్‌నని ప్రకటించుకున్న మహానుభావులు అన్ని ఖండాలలోనూ ఉన్నారు. కొందరు కలిసి ఒక మండలి పెట్టుకొని ఒకరికొకరు డాన్‌లు ఇచ్చుకోవటమూ కద్దు. పెండ్లిలో చదివింపుల వంటి వ్యవహారం అది.

హదీసువేత్తలు వాడిన పద్ధతి ఇక్కడ మనకు ఉపకరిస్తుంది. ఒక ఉల్లేఖకుడు ‘నేను ఫలానా పండితుడినుండి విన్నాను’ అంటే వారు అక్కడితో ఆగలేదు. ఈయన ఎప్పుడు పుట్టాడు, ఆయన ఎప్పుడు చనిపోయాడు, ఇద్దరూ ఒకే ఊరిలో ఎప్పుడైనా ఉన్నారా, ఈయన జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది అని విచారించారు. ఆ విచారణ నుండే రిజాల్ శాస్త్రం పుట్టినది. ప్రియమైన కథ అని వారు మినహాయింపు ఇవ్వలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రుకానా అనే మల్లుడిని కుస్తీలో పడవేశారన్న ఉల్లేఖనం వ్యాయామం గురించిన మన ప్రసంగాలలో తరచు వినిపిస్తుంది. దానిని తన గ్రంథంలో చేర్చిన ఇమామ్ తిర్మిజీ (రహిమహుల్లాహ్) అక్కడే దాని సనదు నిలకడైనది కాదని రాశారు. ఇతర మార్గాలను బట్టి దానిని అంగీకరించిన పండితులూ ఉన్నారు. అంతటి విషయంలోనే అంత జాగ్రత్త పాటించినవారి వారసులము. వీధి చివర కరాటే మాస్టారు ‘జపానులో నేర్చుకున్నాను’ అంటే, ఏ సంవత్సరంలో, ఏ ఊరిలో, ఎవరి వద్ద, ఎన్నాళ్లు అని అడగటానికి మొగమాటపడతామా? పదిరోజుల సెమినారుకు వెళ్లి వచ్చినవారు ‘జపానులో శిక్షణ పొందినవారు’ అయిపోతున్నారు. గురువుతో తీయించుకున్న ఫొటో కలిసినందుకు సాక్ష్యమే గాని, నేర్చుకున్నందుకు సాక్ష్యం కాదు. ఐదారు విద్యలలో ఏడేసి, ఎనిమిదేసి డాన్‌లు చూపించేవారి విషయంలో సంవత్సరాలు కూడుతూ పోతే వారి వయస్సు నూట ఇరవై దాటిపోతుంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. పోలీసు విచారణలాగా అడిగితే మంచివాడు నొచ్చుకుంటాడు. ‘ఉస్తాద్, మా పిల్లవాడిని మీ చేతిలో పెడుతున్నాము, మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుసుకోవాలని ఉన్నది’ అంటే చాలు. నిజమైన గురువు పత్రం తీసి చూపిస్తాడు, సంఖ్య రాసుకోనిస్తాడు. నకిలీవాడు కోపం తెచ్చుకుంటాడు, లేదా నవ్వి మాట మారుస్తాడు, లేదా ‘మా విద్య రహస్యం, మా గురువు ఎవరికీ కనిపించడు’ అంటాడు. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, సందేహం వెలిబుచ్చిన తండ్రిని పిల్లల ముందే ‘గురువును అవమానించినవాడు’గా నిలబెడతారు. ఆ క్షణాన పిల్లవాడి చేయి పట్టుకొని బయటికి వచ్చేయవచ్చు.

కాగితం తరువాత చూడవలసినది తరగతి. కనీసం రెండుమూడు సాయంత్రాలు వెళ్లి ఒక మూల కూర్చోండి. పెంకులు పగలగొట్టటం, మంచుదిమ్మలు విరగగొట్టటం, పొట్టమీదుగా మోటారుసైకిలు పోనివ్వటం చూసి అబ్బురపడకండి. బాగా ఎండిన పెంకులను మధ్యలో చిన్న చెక్కముక్కలతో ఖాళీ ఉంచి పేరిస్తే, పైది విరిగి కిందిదానిని విరుస్తూ పోతుంది. అది ప్రదర్శన. పిల్లలు కిందపడటం సురక్షితంగా నేర్చుకుంటున్నారా, ఒళ్లు వేడెక్కించకుండానే తన్నులు మొదలుపెడుతున్నారా, పెద్దవాడికీ చిన్నవాడికీ జోడు కడుతున్నారా, దెబ్బ తగిలినప్పుడు గురువు ఏమి చేస్తున్నాడు అన్నవి చూడాలి. గురువు ఎన్నడూ చెమట పట్టకుండా కుర్చీలో కూర్చుండి, పెద్ద శిష్యులచేత నడిపిస్తున్నాడా? తన విద్యను బయటివారితో ఏ పోటీలోనూ పరీక్షకు పెట్టకుండా, ‘మాది మరీ ప్రమాదకరమైనది, అందుకే పోటీకి పంపము’ అంటున్నాడా? ఆ మాట నమ్మదగినది కాదు. మూడు నెలలకొక బెల్టు పరీక్ష, ప్రతిసారీ పెరిగే ఫీజు, ఎవరూ ఎన్నడూ తప్పకపోవటం కనిపిస్తే అది బెల్టుల దుకాణం.

పతకాల విషయంలోనూ మెలకువ అవసరం. ఫంక్షన్ హాలులో ఒక్కరోజులో ముగిసే ‘అంతర్జాతీయ’ పోటీలో వచ్చినవారందరికీ ఏదో ఒక పతకం దక్కుతుంది. ఇంట్లో సంబరమే. రేపు కళాశాల సీటుకో, ఉద్యోగానికో క్రీడల కోటాలో ఆ పత్రం చూపినప్పుడు, గుర్తింపు ఉన్న సమాఖ్య నిర్వహించిన పోటీ కాదని పక్కన పెడతారు. పిల్లవాడికి అప్పుడు కలిగే నిరాశ ఫీజు పోయిన బాధకన్నా పెద్దది.

ఆడపిల్లల తల్లులు తరచు అడిగే మాట ఒకటి ఉన్నది. తలముసుగుతో నేర్చుకోవచ్చునా? ‘అంతర్జాతీయ నియమాలు ఒప్పుకోవు’ అని ఏ గురువైనా అంటే అతను నియమాలు చదవలేదన్నమాట. ప్రపంచ కరాటే సమాఖ్య నిర్ణీత నమూనాలో తలముసుగును అనుమతిస్తున్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈజిప్టు యువతి ఫెరియాల్ అబ్దుల్ అజీజ్ తలముసుగుతోనే కరాటే స్వర్ణం గెలిచింది. అలాగే తరగతి మొదట, చివర వంగి నమస్కరించే ఆచారం గురించి కొందరికి సంకోచం ఉంటుంది. ధర్మపరమైన తీర్పును ఉలమాకే వదిలేద్దాము. మేము చెప్పేది ఇంతే: ఆ సంకోచాన్ని విని, గౌరవాన్ని మరో రూపంలో తెలుపటానికి దారి చూపే గురువు తన విద్యలో ఏది అసలో, ఏది అలంకారమో ఎరిగినవాడు.

ఆడపిల్ల అయినా, మగపిల్లవాడైనా తలుపు మూసిన గదిలో ఒంటరి శిక్షణ వద్దు. తల్లిదండ్రులు చూడటానికి వీలులేదనే చోటికి, రాత్రివేళ ఫోనులో పిల్లలకు విడిగా సందేశాలు పంపే మాస్టారి వద్దకు, ఆయన పదో డాన్ అయినా సరే, పంపవద్దు. కుక్కివోన్ పత్రంగానీ, పటియాలా డిప్లొమాగానీ నడవడికి హామీ ఇవ్వవు. అనుచితమైనది ఏదైనా జరిగినట్లు తెలిస్తే పరువు పేరిట దాచిపెట్టకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలమీద లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు ఫిర్యాదు చేయటం తప్పనిసరి. 1098 నంబరుకు ఫోను చేసినా సాయం అందుతుంది.

దీనికి మరో పార్శ్వమూ ఉన్నది. రెండవ డాన్ దగ్గరే ఆగిపోయి, ఆ మాటే నిజాయితీగా చెప్పుకొని, ‘ఇంతకు మించి నేర్పాలంటే మా గురువుగారి వద్దకు పంపుతాను’ అనే మనిషి దొరికితే వదులుకోకండి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఎనిమిదో డాన్ గురువు అవసరం లేదు. సరిగా నిలబడటం, సరిగా పడటం, అదుపులో ఉండటం నేర్పేవాడు చాలు.

చివరిగా, నాలుగేళ్లు నేర్చుకున్న తరువాత గురువు నకిలీ అని తెలిస్తే ఏమి చేయాలి? ఫీజు బాకీ, మాటపట్టింపు, తోటి తల్లిదండ్రులు ఏమనుకుంటారోనన్న వెరపు మనలను అక్కడే కట్టివేస్తాయి. మానిపించాలి. మిగిలిన తల్లిదండ్రులకు తెలిసిన వాస్తవాలు మాత్రమే, ఊహలు జోడించకుండా, విడివిడిగా చెప్పాలి. పిల్లవాడికి మాత్రం ‘నీ బెల్టు బూటకం’ అని చెప్పకండి. వాడు కార్చిన చెమట బూటకం కాదు. వాడి కాలి వంపు, శ్వాస, ఓర్పు వాడితోనే ఉంటాయి. కొత్త చోట తెల్లబెల్టు కట్టుకొని వరుసలో చివర నిలబడవలసి వస్తుందని ముందే చెప్పి తీసుకువెళ్లండి. మంచి గురువు వాడిని రెండు వారాలు చూస్తాడు, ఏది వచ్చునో, ఏది తప్పుగా వచ్చునో గ్రహిస్తాడు, తగిన వరుసలో నిలబెడతాడు. తప్పుగా అలవాటైన అడుగును సరిదిద్దుకోవటానికి కొత్తగా నేర్చుకునేవాడికన్నా వాడికి ఎక్కువ కాలం పట్టవచ్చు. ఆ నెలలలో తండ్రో, తల్లో తోడు వెళ్లి కూర్చుంటే మంచిది.